వెనుక షాకప్ బేరింగు, నేను పెట్టిన గ్రీజు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఊళ్లో మా వాళ్లకు ఆ సంగతి తెలుసు, సౌదీలో తబూక్ దగ్గర నేను పనిచేసే ఈ ఫారంలో అందరికీ తెలుసు. షెడ్డులోకి పాడైన బండి వచ్చిందంటే నేను ముందు బండిని చూడను, దాన్ని తెచ్చినవాడి మొహం చూస్తాను. ఏ రాయికి గుద్ది తెచ్చాడో, ఏ గట్టు మీంచి దూకించాడో ఆ మొహంలోనే దొరుకుతుందని నా ధీమా. తిట్లు ముందు, రెంచి తర్వాత. పనిమంతుడన్న పేరు ఉంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. ఈ ధీమాతోనే నేను ఒక మనిషికి అన్యాయం చేశాను. అది చెప్పుకోవాలని చాలా రోజులుగా ఉంది.

మా ఫారంలో పొలాలన్నీ గుండ్రంగా ఉంటాయి. ఒక్కో పొలం నడుమ ఒక బోరు, బోరు నుంచి బారుగా సాగిన ఇనుప గొట్టం, దాని కింద చక్రాలు. ఆ గొట్టం గడియారం ముల్లులాగా పొలమంతా తిరుగుతూ నీళ్లు చల్లుతుంది. దాన్ని పివట్ అంటాం. చక్రం బురదలో దిగబడినా, నీళ్లు చిమ్మే మూతులు ఇసుకతో పూడుకుపోయినా ఆ పక్కన ఆలుగడ్డ మొక్క వాడిపోతుంది. అందుకని పొద్దు పొడిచింది మొదలు ఒక మనిషి ఒక పివట్ నుంచి ఇంకో పివట్‌కు తిరుగుతూనే ఉండాలి. నడిచి తిరిగే దూరాలు కావు. దానికోసం నాలుగు చక్రాల మోటారు సైకిలు ఒకటి ఇస్తారు. ఇక్కడ దాన్ని దబ్బాబ్ అంటారు.

ఆ పని చేసేవాడు అన్న. సొంత అన్న కాదు. ఆయనది జగిత్యాల దగ్గరి పల్లె, నాది ఆర్మూరు వైపు. ఇంత దూరం వచ్చాక ఆ మాత్రం దగ్గరితనం చాలు, అన్నా తమ్మీ అని పిలుచుకోవడానికి. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. నేను ఎంత అరిచినా మీసాల్లో నవ్వుకుని, "అయిందా? ఇగ చాయ్ తాగుదాం పా" అనేవాడు. నా నోటికి భయపడని మనిషి ఆ ఫారం మొత్తం మీద ఆయనొక్కడే.

ఊళ్లో ఆయన కట్టుకుంటున్న ఇల్లు గోడల దాకా లేచి ఆగిపోయింది. రెండు వానాకాలాలు ఆ గోడలు నెత్తిన కప్పు లేకుండా తడిశాయి. వదిన ఆ గోడల పక్కనే రెండు రేకులు కప్పుకుని వండుకుంటోంది. ఇంకొక్క ఏడాది పని సాగితే స్లాబు పడుతుంది. స్లాబుకు సరిపడా డబ్బు కూడిన నెలే ఖురూజ్ కొట్టించుకుని, అంటే ఇక్కడి పనికి పూర్తిగా దండం పెట్టి, ఇంటికి పోతానని ఆయన లెక్క. ఆ ఏడాది మధ్యలో తెగిపోకూడదు. ఆయన భయమంతా అదే.

మొదటిసారి ఆయన బండి తెచ్చింది చలికాలంలో. తబూక్ చలి మనవాళ్లకు చెప్పినా నమ్మరు. పొద్దున పివట్ మూతులకు మంచు ముక్కలు వేలాడుతుంటాయి. అన్న చెవులకు మఫ్లరు చుట్టుకుని షెడ్డు ముందు బండి ఆపాడు.

"ఎన్క సప్పుడైతుంది తమ్మీ. జర సూడరాదు."

వెనుక క్యారియర్ పట్టుకుని బండిని ఎత్తి వదిలాను. టక్. మళ్లీ ఎత్తాను. టక్. ఆ బండికి వెనుక ఒకటే షాకప్. దాని పై కొన, కింది కొన ఉంగరాల్లా ఉంటాయి. ఒక్కో ఉంగరంలో ఒక బేరింగు. గిన్నెలో గోళీ పెట్టినట్టు ఉంటుంది అది. గోళీ బిగువుగా ఉండి అటూ ఇటూ మెదలాలి. అది అరిగితే గిన్నెలో వదులై కొట్టుకుంటుంది. చక్రం గుంతలో పడిన ప్రతిసారీ ఆ దెబ్బ ఇనుము మీదుగా నేరుగా సీటుకు వస్తుంది, సీటు నుంచి మనిషికి.

"ఎన్నొద్దులాయె ఈ సప్పుడు?"

"రెండు నెలలైతుందేమో."

"రెండు నెలలా! చెవులల్ల దూది పెట్టుకున్నవా అన్నా? బండి అనుకున్నవా, ఎడ్లబండి అనుకున్నవా? ఇంకో వారమైతే షాకప్ ఊడి నీ చేతికొచ్చు."

ఆయన నవ్వలేదు. అప్పుడు చూశాను. బండి దిగడానికి ఆయన ఎడమకాలిని రెండు చేతులతో పట్టుకుని ఎత్తి సీటు మీంచి ఇవతలికి పెట్టాడు, మూట దించినట్టు. దిగాక కాసేపు బండిని పట్టుకునే నిలబడ్డాడు.

"నడుము వట్టేసింది తమ్మీ. ఎడమకాలు తిమ్మిరెక్కుతుంది. ముహందిస్‌కు మాత్రం చెప్పకు."

ముహందిస్ అంటే ఇంజనీరు. మా మీద ఉన్నది ఈజిప్టు దేశపు ఆయన. చెడ్డవాడేం కాదు. కానీ ఎవరికైనా ఒంట్లో బాగా లేదని తెలిస్తే ఫహస్‌కు, అంటే వైద్య పరీక్షకు పంపుతాడు. అది ఆయన డ్యూటీ. అక్కడ పనికి పనికిరాడని రాస్తే ఇక ఇంటికే. ఆ మాటలు విన్నాక నాకు తిట్లు రాలేదు. బండి లోపలికి తోసుకెళ్లాను.

ఆ పని ఎంత శ్రద్ధగా చేశానో ఇప్పటికీ గుర్తుంది. తబూక్ బజారులో ఆ కంపెనీ బేరింగు దొరకలేదు, అదే రకం వేరే కంపెనీవి రెండు జతలు తెచ్చాను. ఒక జతను ప్లాస్టిక్ సంచిలో చుట్టి వంటగది ఫ్రీజర్‌లో రాత్రంతా పెట్టాను. చల్లబడితే ఇనుము ఒక వెంట్రుక మందం ముడుచుకుంటుంది, ఉంగరంలోకి సులువుగా దిగుతుంది. కోడి ముక్కల పక్కన పెట్టావని, తాను శనివారం నీచు ముట్టనని, ఆ బేరింగుల మీద కూర్చుంటే వ్రతం చెడుతుందేమోనని అన్న నన్ను ఏడిపించాడు. మర్నాడు బేరింగును పట్టి ఉంచే లాకు తీశాను. ఒక పక్క పెద్ద సాకెట్టు, ఒక పక్క చిన్న సాకెట్టు పెట్టి, బెంచీ వైసులో బిగిస్తూ పాత బేరింగును బయటికి నెట్టాను.

అది పొడిగా ఉంది. ఒక్క చుక్క చమురు తడి లేదు. చేసిన కంపెనీ వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆర్మూరులో నాకు పని నేర్పిన ఉస్తాద్ దగ్గర నేను మొదట నేర్చుకున్న పాఠమే గ్రీజు. కీలు కనబడితే గ్రీజు పెట్టాలి. పెట్టకుండా బిగిస్తే ఆయన రెంచితో వేళ్ల మీద ఒకటిచ్చేవాడు. అందుకే కొత్త బేరింగు గోళీ చుట్టూ, గిన్నె లోపలా, సందు సందులో వేలితో గ్రీజు కుక్కాను. మనసు నిండేదాకా కుక్కాను. డబ్బాలో బొమ్మలున్న చిన్న కాగితం ఒకటి ఉంది. దానితో చేయి తుడుచుకుని పారేశాను.

అన్న బండెక్కి ఒక చుట్టు తిరిగి వచ్చాడు. "సప్పుడు లేదు తమ్మీ! పరుపు మీద కూసున్నట్టుంది" అన్నాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం పొయ్యి నిప్పుల్లో ఆలుగడ్డలు కాల్చి, ఉప్పూ కారం అద్ది నా చేతిలో పెట్టాడు. ఆ పూట నాకు నా చేతుల మీద ఎంత గర్వం కలిగిందో చెప్పలేను.

నెల తిరగలేదు. ఒక గురువారం ముహందిస్ షెడ్డుకు వచ్చి ట్రాక్టరు గురించి అడుగుతున్నాడు. అప్పుడే అన్న వచ్చాడు. బండి ఇంకా ముప్పై అడుగుల దూరంలో ఉండగానే నాకు వినిపించింది. టక్. టక్. మునుపటికన్నా ఎక్కువ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను చేసిన పని నెల కూడా నిలవలేదని ముహందిస్ ముందు రుజువవుతోంది. ముహందిస్ బండి వంక చూసి నా వంక చూశాడు, అంతే. నేను నోరు జారాను. అరబ్బీ సగం, హిందీ సగం కలిపి గట్టిగా అన్నాను:

"బండిలో ఏ దోషమూ లేదు. కూర్చునే మనిషి సరిగా లేడు. ఒక పక్కకు ఒరిగి కూర్చుంటాడు. బరువంతా ఒక వైపే పడితే ఏ బేరింగైనా పోతుంది."

ఆయన ఒరిగి కూర్చునేది ఎడమకాలి తిమ్మిరికి. ఆ సంగతి ఆ ఫారంలో తెలిసింది నాకొక్కడికే. మాట నోట్లోంచి బయటికొచ్చాక నాలుక కరచుకుని ఏం లాభం?

ముహందిస్ అన్న వైపు తిరిగాడు. "ఎందుకు ఒరుగుతున్నావు? ఒంట్లో ఏమైనా ఉందా?"

"మాఫీ ముష్కిల్" అన్నాడు అన్న. ఏ ఇబ్బందీ లేదని. బండి మీద నిటారుగా కూర్చోవడానికి ఆయన పడిన పాట్లు నేను చూడలేకపోయాను.

"దిగి ఇటు రా."

అన్న దిగాడు. ఈసారి కాలిని చేతులతో ఎత్తలేదు. పెదవి బిగబట్టి మామూలుగానే దిగాడు, దిగి నాలుగడుగులు నడిచాడు. ఆ నాలుగడుగుల్లో మొహానికి చెమట పట్టింది, అంత చలిలో. ముహందిస్ "ఆదివారం ఫహస్‌కు కారు వెళ్తుంది. నువ్వూ వెళ్లు" అనేసి వెళ్లిపోయాడు.

అన్న నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "బండి ఈడ పెడుతున్న తమ్మీ" అని, చేత్తో నడుం పట్టుకుని గదివైపు వెళ్లాడు. స్లాబు సంగతి నేను గుర్తు చేసుకోకుండా ఉండాలని చూశాను కానీ వల్ల కాలేదు.

మర్నాడు శుక్రవారం, సెలవు. మధ్యాహ్నం షెడ్డులో ఒక్కణ్నే కూర్చుని షాకప్ విప్పాను. ఆయన తప్పేనని తేలితే నాకు కాస్త ఊపిరాడుతుందేమోనన్న దురాశ కూడా ఉంది, అబద్ధం చెప్పను. బేరింగును బయటికి నెట్టి గుడ్డ మీద పెట్టాను. నేను పెట్టిన గ్రీజు నల్లటి ముద్దయింది. వేళ్ల మధ్య రుద్దితే గరగరమంది. ఇసుక. పొలాల చుట్టూ ఉన్న పిండిలాంటి ఇసుకనంతా ఆ గ్రీజు లాగి దాచుకుంది. గిన్నె లోపల గుడ్డలాంటి తెల్లటి పొర ఒకటి ఉండాలి, అది పీలికలైపోయింది. గోళీ మీద గీతలే గీతలు. నూరే రాయి మీద పెట్టి నూరినట్టు ఉంది.

రెండో జత డబ్బా అలమారలో ఉంది. తీసి విప్పాను. అందులోనూ అదే కాగితం ఉంది. గ్రీజు గన్ను బొమ్మ, దాని మీద అడ్డంగా పెద్ద కొట్టివేత. చదువు రానివాడికి కూడా అర్థమయ్యే బొమ్మ. ఆ తెల్ల పొరే దానికి చమురు. పొడిగా ఉంటేనే దానికి ఆయుష్షు. ఇసుక నేలలో దానికి గ్రీజు పెట్టడమంటే చేజేతులా పాడు చేయడమే. ఆ కాగితంతో నేను చేయి తుడుచుకున్నాను. పాతది పొడిగా ఉందని కంపెనీ వాళ్లను తిట్టాను. అన్నను తోటివాళ్ల ముందు కాదు, ఆయన కడుపు మీద కొట్టగలిగిన మనిషి ముందు తప్పుపట్టాను. సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. బేరింగును గుడ్డలో చుట్టుకుని లేచాను.

ఆయన గదికి వెళ్లేసరికి నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, నడుం కింద తువ్వాలు మడిచి పెట్టుకుని. బేరింగు ఆయన చేతిలో పెట్టి అంతా చెప్పాను. వేలితో ఆ ముద్దను తడిమి చూశాడు.

"నేను సుత పెట్టిన తమ్మీ."

"ఏంది?"

"గ్రీజు. నువ్వు పెట్టంగ సూసిన గద. మంచిగుంటదని ప్రతి శుక్రారం ఇంత వేలుతోని అద్దిన. నీ డబ్బలదే."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా ఇద్దరి పెంపకమూ ఒకటే. ఇద్దరం కలిసి దానికి అన్నం పెడుతున్నామనుకుని మన్ను పెట్టాం.

"రేపు ముహందిస్‌కు చెప్తనే. తప్పు నాదని."

"ఏం చెప్పకు. పనోనివని ఈడ నీకొక పేరున్నది. అది పోతే రేపటి సంది ప్రతి బండికి నిన్నే అంటరు. నాదేమున్నది, ఎట్లనో అయితది."

"ఎట్లనో అంటే ఎట్లనే? ఎల్లుండి ఫహస్‌కు పోతే ఏమైతదో నీకు తెల్వదా?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను పడుకోబోయే ముందు రెండుసార్లు మనసు మార్చుకున్నాను. చెప్పకపోతే నా పేరు నిలుస్తుంది, ఆయనా చెప్పొద్దనే అన్నాడు కదా అని నాలోని పిరికివాడు చాలాసేపు వాదించాడు.

శనివారం పొద్దున్నే ముహందిస్ ఆఫీసు ముందు నిలబడ్డాను. ఆ అరిగిన బేరింగునే మళ్లీ బిగించి బండిని వెంట తెచ్చాను.

"బాగు చేశావా?"

"లేదు ముహందిస్. చేసేముందు మీరొకసారి దీని మీద కూర్చోవాలి. ఆలుగడ్డ పొలం చుట్టూ ఒక్క చుట్టు."

"నేనెందుకు?"

"ఒక్క చుట్టు. తర్వాత మీరేమన్నా పడతాను."

నేను బతిమాలడం ఆయన అంతకుముందు చూసి ఉండడు. ఆశ్చర్యపోతూనే ఎక్కాడు. ఆ చుట్టుకు పావుగంట పడుతుంది. పివట్ చక్రాల గాడి దాటినప్పుడల్లా ఆయన సీటు మీంచి ఎగిరిపడటం దూరం నుంచి కనిపించింది. సగం దూరం నుంచి నిలబడి నడపసాగాడు. వచ్చి దిగాక చెయ్యి తనంతట తానే నడుం మీదికి పోయింది.

"ఇదేమిటి?" అన్నాడు.

"ఇది నేను చేసిన పని" అన్నాను. చేతిలో కాగితం పెట్టి, బొమ్మ చూపించి, గ్రీజు పెట్టకూడని చోట పెట్టానని, ఇసుక పట్టి అరిగిపోయిందని, గురువారం నేను చెప్పింది అబద్ధమని చెప్పాను. మనిషి ఒరిగినందువల్ల బండి పాడవలేదు. బండి పాడైనందువల్లే మనిషి ఒరిగాడు. ఆ రెండో మాట పూర్తి నిజం కాదు. అయినా చెప్పాను.

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "అతను నెల రోజులుగా రోజంతా దీని మీదే తిరిగాడా?"

"అవును."

"అతని నడుము ఎలా ఉంది?"

అప్పుడే నిజం చెప్పాననిపించుకున్న నోరు అది. "ముహందిస్, మీరు తిరిగింది ఒక్క చుట్టు" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. నా జవాబులో తప్పించుకోవడం ఆయనకు తెలియకుండా పోయిందని నేను అనుకోను. నడుం మీద చెయ్యి తీయకుండానే, "ఖలాస్. ఫహస్ అక్కర్లేదు. నువ్వు బండి చెయ్యి. వారం పాటు అతన్ని పికప్‌లో తిప్పండి" అన్నాడు. కానీ ఆ తర్వాత చాలా నెలలు నేను ఏ బండి బాగు చేసినా ఆయన ఒకసారి ఎక్కి చూసేవాడు. దానికి నేను అర్హుణ్నే.

రెండో జత పొడిగా బిగించాను. ఎంత చెప్పుకున్నా వేలు గ్రీజు డబ్బా వైపు పోతూనే ఉంది. డబ్బా తీసుకెళ్లి బయట పెట్టి వచ్చి పని చేశాను. వారం తర్వాత అన్న బండెక్కే ముందు, "నన్ను మన్నించన్నా" అన్నాను. ఆ మాట నా జన్మలో ఎవరితోనూ అనలేదు. "ఊకోరాదు, ఏం మాటలవి" అని బండి తిప్పుకుని పోయాడు. తర్వాత ఆ బేరింగులు ఏడాది పైన చప్పుడు లేకుండా నడిచాయి. ఆయన ఏడాదీ మధ్యలో తెగలేదు. ఖురూజ్ కొట్టించుకుని వెళ్లేనాడు విమానాశ్రయానికి నేనే పికప్‌లో దింపాను.

మూడు నెలల తర్వాత వీడియో కాల్ చేశాడు. "స్లాబు పడ్డది తమ్మీ, సూడు" అని ఫోను ఎత్తి చూపించాడు. స్లాబు మీద మట్టితో మడులు కట్టి నీళ్లు నింపారు. వదిన పైన నిలబడి బిందెతో నీళ్లు పోస్తోంది. కింద నుంచి తీస్తున్నాడు కాబట్టి నాకు ఆమె సగమే కనిపిస్తోంది.

"ఎక్కి చూపియ్యన్నా, మొత్తం కనవడతలేదు."

"మెట్లు ఎక్కస్తలేదు తమ్మీ. నాలుగు మెట్లెక్కినంక కాలు పడిపోతుంది. పెద్దదవాఖానల చూపించిన. ఆపరేషనంటున్నరు. పడ్డనాటి సంది నేను ఇంకా పైకి పోలే. మీ వదిననే ఎక్కి చెప్తది ఎట్లున్నదో."

మూడేళ్లు పొద్దస్తమానం నీళ్లు పెట్టిన మనిషి, తన స్లాబుకు ఒక బిందెడు నీళ్లు పోయలేకపోతున్నాడు. ఆ నడుములో నా నెల రోజులు ఎంత ఉన్నాయో ఏ డాక్టరూ చెప్పలేడు. ఫహస్ తప్పించి ఆయనకు మేలు చేశానో, ఇంకో ఏడాది ఆ సీటు మీద కూర్చోబెట్టి కీడు చేశానో నాకూ తెలియదు. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఫోను పక్కకు తిప్పాను.

"ఏడుస్తున్నవా? పిచ్చోడా" అన్నాడు. "గా బండి మీద ఇప్పుడెవలు తిరుగుతున్నరు?"

"నేపాలాయన వచ్చిండు. నా వయసే ఉంటది."

"బండి ఎట్లున్నదని అటెన్క అడుగు. ముందుగాల నడుము ఎట్లున్నదని అడుగు."

మర్నాడు ఆ నేపాల్ మనిషి దబ్బాబ్‌లో పెట్రోలు పోయించుకోవడానికి షెడ్డుకు వచ్చాడు. నేను బండి వంక చూడలేదు. దగ్గరికెళ్లి హిందీలో, "భాయ్, నడుము ఎలా ఉంది?" అని అడిగాను. జవాబు చెప్పేముందు అతను వెనక్కి తిరిగి, గుమ్మం దగ్గర ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.